ఎడమ చెంప

నాలుక పైకెత్తి చూపించాడు గదిగెప్ప.

కస్తూరవ్వ సెల్‌ఫోను లైటు వేసి నాలుక కిందా, రెండు చెంపల లోపలా చూసింది. చేతికి జొన్నపిండి అంటుకుని ఉండగానే, వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "ఊఁ, మూసెయ్" అంది. గదిగెప్ప నోరు మూసుకుని ఇంకో చెంబు నీళ్ళు తాగాడు. ధారవాడ ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదు. మాత్ర గొంతు దిగిపోయాక కూడా నాలుక మీద తుప్పు రుచి మిగిలిపోతోంది.

మొన్న అమావాస్యకి ముందు ఆ మాత్రని ఒకట్రెండు సార్లు నాలుక కింద దాచి, పెరట్లోకి వెళ్ళి ఉమ్మేశాడు. చేతి వణుకు ఆగుతుందేమోనన్న ఆశ. తూము దగ్గర తెల్లగా కరుగుతున్న మాత్ర కస్తూరవ్వ కంటపడింది. ఆమె అరవలేదు. బట్టలుతికే బండ మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. గదిగెప్ప ఆమె ముఖంలోకి చూశాడు. కోపమో, భయమో, అసహ్యమో తేల్చుకోలేకపోయాడు. పదహారేళ్ళ వయసు నుంచీ మంగలి షాపు అద్దంలో జనాల ముఖాలు చూస్తూ బతికినవాడు, సొంత పెళ్ళాం ముఖం ముందు చదువురానివాడిలా నిలబడిపోయాడు. మర్నాటి నుంచి ఆమె అడగకముందే నోరు తెరవడం మొదలుపెట్టాడు.

భూమిక గోడవారన కూర్చుని రొట్టె తింటోంది. తలకి నీలం స్కార్ఫు. బడికి ఇంకా వేళ కాలేదు. అయినా తండ్రి లేచి తిరిగే సమయానికల్లా ఆ పిల్ల స్కార్ఫు కట్టేసుకుంటుంది. దాని అంచు కింద నుంచి జుట్టు చెవుల దాకా దిగి, రెండు పక్కలా ఎగుడుదిగుడుగా కనిపిస్తోంది. దాన్ని సరిచేయించడానికి ఇంతవరకూ ఎవరూ ఆ పిల్లని ఏ కుర్చీలోనూ కూర్చోబెట్టలేదు. ఇంట్లో ఇప్పుడు కత్తెర లేదు. దారం తెంపాల్సి వస్తే కస్తూరవ్వ పళ్ళతో కొరుకుతుంది.

పెనం మీంచి వచ్చిన రొట్టె ఒక పక్క చిరిగి, ఇంకో పక్క తోకలా సాగింది. గదిగెప్ప దాన్ని పైకెత్తి చూశాడు.

"ఏం కస్తూరీ, పెనం మీద రొట్టె చేశావా, బల్లిని చేశావా?" అని నవ్వాడు.

నవ్వు అనుకున్నదానికంటే కాస్త పెద్దగా వచ్చింది. భూమిక చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆ పిల్ల తల్లి వంక చూసింది. తల్లి అతని వంక చూసింది.

"రాత్రి నిద్రపోయావా?" అంది కస్తూరవ్వ.

"పోయాను."

"నిజంగా?"

"నువ్వు లేపితేనే కదా లేచాను."

"ఊఁ."

గదిగెప్ప రొట్టె తుంచి వేరుశనగ పొడిలో అద్దుకున్నాడు. బల్లి మాట నిజంగానే నవ్వొచ్చే మాటా, కాదా అని నమిలినంతసేపూ ఆలోచించాడు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు కూడా దాని గురించే ఆలోచిస్తున్నాడు.

మాఘమాసంలో బ్యాడగి ఊరంతా దగ్గుతుంది. మార్కెట్ యార్డులో మిరపకాయలు కుప్పలు పోస్తే ఆ ఘాటు గాలిలో కలిసి బడిలోకి, బస్టాండులోకి, గుళ్ళోకి కూడా వస్తుంది. హమాలీలు ముక్కుకి తువ్వాళ్ళు కట్టుకుని బస్తాలు మోస్తారు. బజ్జీలు వేసేవాడు, బస్సు దిగేవాడు, పెళ్ళి పిలుపుకి వచ్చినవాడు, అందరూ కళ్ళు తుడుచుకుంటూనే మాట్లాడుకుంటారు. గదిగెప్ప కళ్ళు మాత్రం ఈ ఏడు పొడిగా ఉన్నాయి. ఘాటు తెలుస్తోంది, ముక్కు మండుతోంది, నీళ్ళు మాత్రం రావడం లేదు.

షాపు యార్డు గేటుకి ఎదురుగానే. రెండు కుర్చీలు, పొడుగాటి అద్దం, పైన మంగలివాళ్ళు కొలిచే శివశరణుడు హడపద అప్పణ్ణ పటం. రెండో కుర్చీ దగ్గర సంగప్ప అప్పటికే ఒక హమాలీ ముఖం తడిగుడ్డతో తుడుస్తున్నాడు. ఈ సీజనులో గడ్డానికి వచ్చినవాడి ముఖం ముందు రెండుసార్లు కడగాలి. లేకపోతే కత్తి తగిలిన చోటల్లా కారం పట్టి మనిషి కుర్చీలోంచి లేచి ఎగురుతాడు. సంగప్ప కస్తూరవ్వ అన్న. కార్తీకంలో గదిగెప్పని జీపులో ధారవాడకి తీసుకెళ్ళినవాళ్ళలో అతనూ ఒకడు. ఆ రోజు తన తువ్వాలుతోనే గదిగెప్ప చేతులు కట్టాడు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"బావా, నువ్వు మిషన్ పట్టుకో. గడ్డాలు నేను చూసుకుంటా" అన్నాడు, రోజూ అనేట్టుగానే, ఇటు తిరక్కుండా.

మిషన్‌తో అయితే ఎవడి చెంపా తెగదు. గదిగెప్ప బడిపిల్లలకీ, పొట్టి జుట్టు కావాలనేవాళ్ళకీ మిషన్ తిప్పాడు. అద్దంలో ఒక్కొక్కడి కళ్ళూ అతని చేతి మీదే ఉంటాయి. ఇదివరకు కుర్చీలో కూర్చున్నవాడు కళ్ళు మూసుకునేవాడు. సగంమంది నిద్రపోయేవాళ్ళు. తన చేతి కింద మనిషి నిద్రపోవడం ఎంత గొప్ప విషయమో అప్పుడు తెలియలేదు.

యార్డులో బస్తాలు మోసే దస్తగీర్ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మీసాల నిండా ఎర్రటి దుమ్ము.

"ఏం గదిగెప్పన్నా, ధారవాడ నీళ్ళు బాగా పడ్డట్టున్నాయే! బుగ్గలొచ్చాయి. మా ఇంటిదాన్ని కూడా ఓ నెల పంపించనా?" అన్నాడు. "మళ్ళీ ఎప్పుడు పాడతావు? నువ్వు పాడిన కాణ్ణించీ మా వీధి కుక్కలకి కూడా రాగం ఒంటబట్టింది."

సంగప్ప నవ్వాడు. బెంచీ మీదున్నవాళ్ళు నవ్వారు. దస్తగీర్ ముఖంలో వెక్కిరింత ఉందా, అభిమానం ఉందా అని గదిగెప్ప వెతికాడు. పళ్ళు కనిపిస్తున్నాయి, కళ్ళ పక్కన ముడతలు పడ్డాయి. అది నవ్వే అయి ఉండాలి. తనూ నవ్వాడు. అప్పటికి అందరూ నవ్వడం ఆపేశారు. ఒక్కడి నవ్వే షాపులో మిగిలింది. సంగప్ప కత్తి గాలిలో ఆగింది.

"నీళ్ళు తాగు బావా" అన్నాడు మెల్లగా.

కార్తీకంలో గదిగెప్పకి నిద్ర అక్కర్లేకుండా పోయింది. ఎంత పని చేసినా అలసట లేదు. గడ్డం గీస్తుంటే ఒక్కొక్కడి ముఖం తన కథంతా తనే చెప్పుకుంటున్నట్టుండేది. మార్కెట్లో మిరపకాయల ఎరుపు చూసి చేతులెత్తి మొక్కాడు. మఠంలో భజన జరిగే చోట తాళాలు వాయించడమే అతని పని, ఎప్పుడూ గొంతెత్తినవాడు కాదు. ఆరోజు లేచి నిలబడ్డాడు. పాడాడు. తను పాడగలడని తనకే తెలియదు. శివశరణుల వచనాలు ఒకదాని వెంట ఒకటి, ఎక్కడా మాట తడబడకుండా, ఒక్క స్వరం కూడా జారకుండా వచ్చాయి. ముసలివాళ్ళు ఏడ్చారు. హార్మోనియం వాయించే ముసలి ఫకీరప్పజ్జ వేళ్ళు అందుకోలేక రొప్పాడు. ఊళ్ళో అందరూ ఆ మర్నాడు అతన్ని ఆపి మరీ చూశారు.

ఆ తర్వాత నాలుగైదు రోజులకే ఒక పొద్దున్న భూమికని లేపి పెరట్లో కూర్చోబెట్టాడు. ఆ పిల్ల జడ నడుము దాటి ఉండేది. ఈ బరువు నీకెందుకు, అన్నీ వదిలేసిన అక్క మహాదేవిలా వెలిగిపోతావు అంటూ, పాడుతూ, మొదట్లోంచి కోసేశాడు. ఆ పిల్ల నవ్వుతోందనుకున్నాడు. నోరు తెరిచి, కళ్ళు మెరుస్తూ, భుజాలు ఊగుతూ. అతని జ్ఞాపకంలో ఆ పిల్ల ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. అది నవ్వు కాదని తర్వాత వాళ్ళూ వీళ్ళూ చెప్పారు. నమ్మాడు. కానీ కళ్ళు మూసుకుంటే కనిపించేది మాత్రం నవ్వే. అదే అతన్ని పీడిస్తోంది. ఏడుస్తున్న ముఖం కనబడితే మొక్కి తప్పు ఒప్పుకునేవాడు. నవ్వుతున్న పిల్లకి ఏమని చెప్పుకోవాలి?

ధారవాడలో డాక్టరమ్మ చిన్న వయసుది. ఓపికగా చెప్పింది. దీన్ని బైపోలార్ అంటారు, మనసు ఒకసారి హద్దు దాటి పైకి పోతుంది, ఒకసారి అడుక్కి పడిపోతుంది, నీ తప్పు కాదు, మందు వేసుకుంటే కుదుటపడుతుంది అంది. పెళ్ళయిన మూడో ఏడు వానాకాలమంతా దుప్పటి ముసుగేసుకుని పడుకుంటే ఇంటిల్లిపాదీ బద్ధకమని తిట్టారు. అదీ ఇదేనా అని అడిగాడు. అయి ఉండొచ్చు అంది. మరి పెళ్ళిలో అంత సంతోషంగా ఉన్నాను, అదీ ఇదేనా? ఆవిడ కాసేపు కాగితాల వంక చూసి, పెళ్ళిలో సంతోషం అందరికీ ఉంటుంది కదా అంది. గదిగెప్పకి ఆ జవాబు చాలలేదు.

"ఇకమీద నాకు సంతోషం కలిగితే, అది మంచిదో చెడ్డదో నాకెలా తెలుస్తుందమ్మా?"

"కొన్నాళ్ళు ఇంట్లోవాళ్ళని అడగండి. నిద్ర తగ్గుతోందేమో చూసుకోండి. మెల్లగా మీకే తెలుస్తుంది."

అప్పటి నుంచీ అతను తన బతుకుని వెనక్కి తిప్పి చూసుకుంటున్నాడు. భూమిక పుట్టినప్పుడు వీధంతా పేడాలు పంచడం, నాన్న పోయినప్పుడు కన్నీళ్ళు రాకపోవడం, కస్తూరవ్వని మొదటిసారి సినిమాకి తీసుకెళ్ళడం. ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని, ఇందులో నేనెంత, అదెంత అని చూస్తాడు. ఏదీ విడిపోదు. 

పొద్దెక్కాక గంగవ్వ షాపు మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఫకీరప్పజ్జ కోడలు. కొంగుతో ముక్కు మూసుకుని ఉంది.

"గదిగెప్పా, మా మామ పిలుస్తున్నాడు. గడ్డం పెరిగిపోయిందని పొద్దున్నుంచీ ఒకటే గొడవ. గంజి కూడా ముట్టుకోలేదు."

"నేనొస్తా పదక్కా" అన్నాడు సంగప్ప.

"నిన్ను రావద్దన్నాడయ్యా. నువ్వు గడ్డం గీస్తే కోడి ఈకలు పీకినట్టుంటుందట. గదిగెప్పే రావాలట."

బెంచీ మీదవాళ్ళు పగలబడి నవ్వారు. గదిగెప్ప ఈసారి నవ్వలేదు.

సంగప్ప దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చెయ్యి చూపించు బావా."

గదిగెప్ప కుడిచెయ్యి చాపాడు. వేళ్ళు సన్నగా, ఆగకుండా, పొయ్యి మీద గిన్నె మూత అదిరినట్టు అదురుతున్నాయి. ఇద్దరూ కాసేపు దాన్నే చూశారు, అది మూడోవాడెవడిదో అయినట్టు.

"మిషన్ తీసుకెళ్ళు. పైపైన కానిచ్చి వచ్చెయ్" అన్నాడు సంగప్ప.

గదిగెప్ప పొదిలో మిషన్ పెట్టుకున్నాడు. కత్తి కూడా పెట్టుకున్నాడు.

ఫకీరప్పజ్జ కిటికీ పక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. మార్గశిరంలో జారిపడ్డప్పటి నుంచీ మంచమే ఆయన లోకం. మనిషి ఎముకలపోగు. తెల్లటి గడ్డం చెంపల గుంటల్లోకి గడ్డిలా దిగింది. తల ఎప్పుడూ కాదు కాదు అంటున్నట్టు అటూఇటూ వణుకుతూ ఉంటుంది.

"ఏంరా, పిల్లని చూడ్డానికి వచ్చినవాడిలా గుమ్మంలోనే నిలబడ్డావు? లోపలికి రా."

గంగవ్వ వేడినీళ్ళ గిన్నె పెట్టి, పెరట్లో బట్టలు ఆరేయడానికి వెళ్ళింది. గదిగెప్ప మిషన్ బయటికి తీశాడు.

"అదేంటి? నేనేమన్నా గొర్రెనా? కత్తి తియ్."

"అజ్జా, చెయ్యి వణుకుతోంది. మందు వల్ల."

"ఏదీ, ఎంత?"

చూపించాడు. ముసలాయన చేతిని దగ్గరికి లాక్కుని చూశాడు.

"ఇంతేనా? నాకు తలకాయ మొత్తం వణుకుతుంది. రెండూ ఎక్కడో ఒకచోట కలుస్తాయిలే. కానివ్వు."

గదిగెప్ప తువ్వాలు మెడ చుట్టూ కట్టాడు. వేడి గుడ్డ వేసి గడ్డం మెత్తబడనిచ్చాడు. కుడి చెంపకి నురగ పట్టిస్తూ, అడ్డొచ్చిన కళ్ళజోడు తీసి తన జేబులో వేసుకున్నాడు. చిటికెనవేలు దవడ ఎముక మీద ఆనించి, ఎడమచేత్తో తోలు బిగలాగి, ముసలాయన తల ఇటు వచ్చినప్పుడల్లా ఇంత, అటు వెళ్ళినప్పుడల్లా ఆగి, గీస్తూ పోయాడు. ఊపిరి బిగపట్టి గీయడం, ఆగి వదలడం. చెమటలు పట్టాయి. చెవి దగ్గర నుంచి దవడ దాకా తెల్లటి నున్నటి దారి పడింది. ఎక్కడా తెగలేదు.

"నిన్నొకటి అడగాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది" అన్నాడు ఫకీరప్పజ్జ. "మఠంలో పాడావు చూడు, అది నువ్వు పాడావా, నీ జబ్బు పాడిందా?"

కత్తి ఆగింది. ఇంతవరకూ ఈ మాట అతన్ని ఎవరూ అడగలేదు. కొందరు వెక్కిరించారు, కొందరు తప్పించుకు తిరిగారు.

"తెలీదజ్జా. అప్పటికే మొదలైందని డాక్టరమ్మ అంది."

"నా హార్మోనియం పెట్టె నీ వెనకాల పరిగెత్తలేకపోయింది. మర్నాడు వేళ్ళు వాచాయి. అలా పరిగెత్తించినవాడు ఇంకొకడు లేడురా నాకు."

"ఆ వారమే నా బిడ్డ జుట్టు కోశాను."

"తెలుసు."

"ఈ చేత్తోనే. ఆ పాట పాడుతూనే."

ముసలాయన తల వణుకుతూనే ఉంది.

"ఆ రెంటినీ విడదీసి నీ చేతికివ్వడం నా వల్ల కాదురా గదిగెప్పా. పాట బాగుంది. పిల్లదాని జుట్టు కొయ్యడం బాగా లేదు. నాకు తెలిసిందింతే."

గదిగెప్ప కత్తిని గుడ్డకి తుడిచాడు. ఇన్నాళ్ళుగా విన్న మాటల్లో ఈ మాట మాత్రం అతని లోపల ఎక్కడో ఆగింది.

"ఇప్పుడు పాడాలనిపిస్తుందా?"

"ఏమీ అనిపించదు. లోపల గోనెపట్టా కప్పినట్టుంటుంది. మార్కెట్లో అందరి కళ్ళూ కారుతుంటే నావి కారవు."

"అదీ పోతుందేమో చూద్దాం. ఎడమవైపు కానివ్వు, ఎండ మీదికొస్తోంది."

ఆయన కష్టపడి ముఖం కిటికీ వైపు తిప్పి కళ్ళు మూసుకున్నాడు. గదిగెప్ప మంచం చుట్టూ తిరిగి అటువైపు వచ్చాడు. ఎడమ చెంపకి నురగ పట్టించాడు. బ్లేడు మొద్దుబారింది. కిటికీ దగ్గరికి వెళ్ళి కొత్త బ్లేడు సగానికి విరిచి కత్తిలో బిగించడానికి కాస్త సమయం పట్టింది. వణికే వేళ్ళతో రెండుసార్లు జారింది. పెరట్లో గంగవ్వ తడిబట్ట దులిపిన చప్పుడు వినబడింది.

వెనక్కి వచ్చి చూస్తే ముసలాయన తల కదలడం లేదు.

తన కోసం బిగబట్టి కూర్చున్నాడనుకున్నాడు గదిగెప్ప. ముఖం ప్రశాంతంగా ఉంది. ఇదివరకటి రోజుల్లో కుర్చీలో నిద్రపోయేవాళ్ళ ముఖంలా ఉంది. తన చెయ్యిని నమ్మి మళ్ళీ ఒక మనిషి నిద్రపోయాడు. గదిగెప్ప గుండెలో ఏదో వెచ్చగా కదిలింది. ఇది మంచిదా చెడ్డదా అని అడగడానికి అక్కడ ఎవరూ లేరు.

"అలాగే ఉండజ్జా. అయిపోతుంది" అన్నాడు.

చెవి కింద కత్తి పెట్టి కిందికి లాగాడు. ఇప్పుడు ఊగేది తన చెయ్యి ఒక్కటే. దవడ ఒంపు దగ్గర కత్తి జారి తోలు గీసుకుంది. గదిగెప్ప ఉలిక్కిపడి పటిక ముక్క తీసి, నీళ్ళలో ముంచి అద్దాడు. తీసి చూశాడు. మళ్ళీ అద్దాడు. వడ్లగింజంత గీత. విచ్చుకుని అలాగే ఉంది.

రక్తం రాలేదు.

అతను వంగి ఆ గీతనే చూస్తూ ఉండిపోయాడు. ఒక్క చుక్క వస్తుందేమోనని చూశాడు. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. తన వేలు వణుకుతుండటం వల్ల ఊపిరి ఉందో లేదో తెలియలేదు. వేలిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని మళ్ళీ పెట్టాడు.

గంగవ్వని పిలవాలి. నోరు తెరిచాడు. సగం ముఖం నున్నగా, సగం ముఖం నురగతో, కిటికీలో ఎండ పడుతున్న ఆ మనిషిని ఆమెకి అలా చూపించలేకపోయాడు. మంచం మీద పక్కన కూర్చున్నాడు. చెంప బిగలాగి, చిటికెనవేలు ఆనించి, మిగిలిన గడ్డం మెల్లగా గీశాడు. మీసం అంచులు సరిచేశాడు. తడిగుడ్డతో తుడిచి, మెడలోని తువ్వాలు తీసి మడిచాడు. అప్పుడు లేచి పెరటి గుమ్మం దాకా వెళ్ళాడు.

"అక్కా" అన్నాడు. "ఒకసారి లోపలికి రా."

లింగాయతుల ఆచారం ప్రకారం ఒళ్ళు బిగుసుకోకముందే కూర్చోబెట్టాలి కాబట్టి పక్కింటివాళ్ళతో కలిసి తనూ ఒక చెయ్యి వేశాడు. గోడకి ఆనించి, విభూతి పెట్టి, మెడలో పూలదండ వేశారు. ఎవరో మఠానికి పరిగెత్తారు. గంగవ్వ ఏడుపు మధ్యలో ఆగి, "ఎంత బాగా గీశావయ్యా, పెళ్ళికొడుకులా ఉన్నాడు" అంది. గదిగెప్ప ఆ గీత కనిపిస్తోందేమోనని చూశాడు. దాని మీదికి విభూతి వచ్చింది.

ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా పెరటి దారిన వెళ్ళి బండ మీద కూర్చున్నాడు. కస్తూరవ్వ సంగతి అడిగింది. ఫకీరప్పజ్జ పోయాడని చెప్పాడు. అతను విప్పిన చొక్కా పంచె ఆమె బకెట్లో వేసి, తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. బడి నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భూమిక గుమ్మంలో ఆగింది.

రెండో చెంబుకో మూడో చెంబుకో అతని భుజాలు ఎగిరాయి. తర్వాత గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. అలాంటి చప్పుడు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఆవు ఈనేటప్పుడు వచ్చే చప్పుడులా ఉంది. ఆగి, మళ్ళీ వచ్చింది. గదిగెప్ప మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

కస్తూరవ్వ చేతిలో చెంబు ఆగిపోయింది. జీపు ఎక్కించిన రోజు అతను అరిచిన అరుపులు ఆమెకి గుర్తున్నాయి.

"అమ్మా" అంది భూమిక గుమ్మంలోంచి, చిన్నగా. "నాన్నకి మళ్ళీ వచ్చిందా? సంగప్ప మామని పిలవనా?"

కస్తూరవ్వ చెంబు కింద పెట్టి అతని ముందు గొంతుక్కూర్చుంది. రెండు చేతులతో ముఖం పైకెత్తి చూసింది. రోజూ పొద్దున మాత్ర కోసం చూసినంత శ్రద్ధగా చూసింది. గదిగెప్ప ఆమె చేతుల్లో ముఖం పెట్టి తీర్పు కోసం ఎదురుచూశాడు. అది ఏమిటో అతనికి తెలియదు. ఆమె ఏదంటే అది.

"లేదు" అంది కస్తూరవ్వ. "ఏడుస్తున్నాడు. అంతే."

తర్వాత అతనితో అంది, "ఏడువు. తెలిసినవాడు పోతే ఏడవరా ఏంటి? ఏడువు."

ఆమె కూడా ముక్కు ఎగబీల్చి, లేచి మళ్ళీ నీళ్ళు పోసింది. చాలాసేపు పోసింది. తొట్టి అడుక్కి వచ్చింది. ఇది ఏడుపేనని ఇవాళ చెప్పగలిగింది. రేపు ఏమవుతుందో ఆమెకీ తెలియదు. రాత్రి అతను ఎప్పుడు నిద్రపోతాడో, ఎప్పుడు మేలుకుంటాడో చీకట్లో ఆమె వింటూనే ఉంటుంది.

భూమిక తువ్వాలు తెచ్చింది. ఎప్పుడూ తీగ మీద వేసి వెళ్ళిపోయే పిల్ల, ఇవాళ చేతికి అందించింది. అందించి, రెండడుగులు వెనక్కి వేసి అక్కడే నిలబడింది.

"భూమీ" అన్నాడు గదిగెప్ప. "ఆరోజు నువ్వు ఏడ్చావు కదా?"

ఆ పిల్ల కాలి బొటనవేలితో తడి నేల మీద గీసింది.

"ఊఁ."

"నాకు నవ్వినట్టు కనబడింది."

"తెలుసు. నువ్వు 'నవ్వు, నవ్వు' అంటూనే ఉన్నావు. అందుకే మధ్యలో కాసేపు నవ్వాను." అని ఆగింది. "నవ్వితే ఆపేస్తావనుకున్నా."

గదిగెప్ప తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. ఆ పిల్ల ముఖం ఇప్పుడెలా ఉందో చూడాలనిపించింది. చూసే ధైర్యం రాలేదు. మళ్ళీ తలెత్తేసరికి భూమిక లోపలికి వెళ్ళి కంచం పెట్టుకుంటోంది.

పొద్దు వాలుతుండగా వీధి చివర డప్పులు మొదలయ్యాయి. సంగప్ప వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. భజనవాళ్ళు అడుగుతున్నారు బావా, అన్నాడు. పాడమని కాదు, తాళాలు పట్టుకుని పక్కన నడిస్తే చాలన్నారు. గదిగెప్ప భార్య వంక చూశాడు.

"వెళ్ళి నడువు. నేనూ వస్తా" అంది కస్తూరవ్వ. "పిల్ల కూడా వస్తే రానీ."

చెప్పులు వేసుకోబోయేముందు ఆమెకి బకెట్లో వేసిన చొక్కా గుర్తొచ్చి, తడిపి వెళ్దామని పైకి తీసింది. జేబులో ఏదో గట్టిగా చేతికి తగిలింది. తీసి చూసింది.

"ఇవెవరివయ్యా?"

గదిగెప్ప దగ్గరికి వచ్చాడు. ఫకీరప్పజ్జ కళ్ళజోడు. గడ్డానికి ముందు ముసలాయన ముఖం మీంచి తీసి, తడి తగలకుండా తన జేబులో వేసుకున్నది. ఒక పక్క కాడ విరిగితే రాగితీగ చుట్టి ఉంది.

"ఇప్పుడెలా ఇస్తాం? బయల్దేరదీశారు" అన్నాడు సంగప్ప. డప్పులు వీధి మలుపు తిరిగి దగ్గరికి వస్తున్నాయి.

కస్తూరవ్వ కళ్ళజోడు కొంగుతో తుడిచి, కాడలు మడిచి, కిటికీ గట్టు మీద పెట్టింది. నలుగురూ వీధిలోకి దిగారు. గట్టు మీద ఎండ పలచబడుతోంది. తుడిచినా పోకుండా ఎడమ అద్దం మూల, రాగితీగ పక్కన, సబ్బు నురగ చుక్క ఒకటి ఎండి తెల్లగా ఉండిపోయింది.